చనిపోయినా ఆగని పింఛన్, బతికుండగానే తెగిన కార్డు

క్లుప్తంగా: పింఛన్, రేషన్, ఉపాధి హామీ లాంటి పథకాల్లో అక్రమాలను మొదట పట్టుకోవాల్సింది పంచాయతీ కార్యదర్శి, ఎంపీడీవో, తహసీల్దార్ స్థాయిలోనే. వేలిముద్ర మెషిన్లు, కంప్యూటర్ పోలికలు వచ్చాక కొన్ని మోసాలు తగ్గాయి, కొన్ని చోటు మార్చుకున్నాయి. ఇంటికి వెళ్లి చూడకుండా పేర్లు కొట్టేసిన చోట మాత్రం అర్హులే నష్టపోయారు. ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో, ఎక్కడ తడబడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

'అనర్హుల ఏరివేత' అని పేపర్లో వార్త పడితే చాలు, మర్నాడు ఎంపీడీవో ఆఫీసు ముందు ముసలివాళ్లు వరుస కడతారు. వాళ్లలో చాలామందికి తమ పేరు జాబితాలో ఉందో లేదో తెలియదు. అడిగి పోదామని వస్తారు. టెన్షన్ అర్హులకే ఎక్కువ. జాబితాలోకి దొడ్డిదారిన ఎక్కినవాళ్లు ఇలా వచ్చి అడగడం అరుదు.

'బోగస్' అనే ఒక్క మాట కింద

మన దగ్గర వాడుకలో ఉన్న మాట 'బోగస్'. బోగస్ కార్డు, బోగస్ పింఛన్, బోగస్ మస్టర్ (ఉపాధి కూలీల హాజరు పట్టీ) అంటాం. ఈ ఒక్క మాట కింద వేర్వేరు విషయాలు కలిసిపోతాయి. కొడుకు సర్కారు ఉద్యోగమని దాచిపెట్టి తల్లి పేరున పింఛన్ రాయించుకోవడం ఒకటి. పింఛనుదారు చనిపోయాక ఇంట్లోవాళ్లు ఆ కబురు ఎక్కడా చెప్పకపోవడం ఇంకొకటి. లేని మనిషిని కాగితం మీద పుట్టించి దళారీ, సిబ్బంది కలిసి సొమ్ము పంచుకోవడం వేరే రకం. ఆఫీసులో ఎవరో ఆధార్ అంకె తప్పు కొట్టడం అసలు మోసమే కాదు. కానీ 'అనర్హులు' అనే లెక్కలో అది కూడా చేరిపోతుంది.

బ్రిటన్‌లో సంక్షేమ శాఖ ఏటా వెలువరించే లెక్కల్లో అదనంగా చెల్లించిన సొమ్మును మూడు భాగాలుగా చూపిస్తారు: మోసం, లబ్ధిదారు పొరపాటు, అధికారుల పొరపాటు. అక్కడి స్థానిక సంస్థలు ఇంటి అద్దె సాయం ఇచ్చేటప్పుడు కూడా ఈ తేడా పాటిస్తాయి. చెల్లించే సొమ్ములో తేడా లేకపోయినా తీసుకునే చర్య మారుతుంది. మొదటిదానికి కేసు, రెండోదానికి వాయిదాల్లో వసూలు, మూడోదానికి చాలాసార్లు మాఫీ. మన దగ్గర ఈ విడదీత లేకపోవడం వల్లే ఒక జాబితా బయటికి రాగానే అందులోని వాళ్లందరూ దొంగల్లా కనిపిస్తారు.

చావు కబురు కంప్యూటర్‌కు చేరేదాకా

2014 నవంబరులో మొదలైన ఆసరా, ఇప్పటి చేయూత పింఛన్లను గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, చూస్తుంది. జిల్లాలో గ్రామీణాభివృద్ధి అధికారి, మండలంలో ఎంపీడీవో, ఊళ్లో పంచాయతీ కార్యదర్శి బాధ్యులు. వరంగల్ నగరంలోనైతే కార్పొరేషన్ సిబ్బంది. వృద్ధులకు, వితంతువులకు, బీడీ కార్మికులకు నెలకు 2,016 రూపాయలు, దివ్యాంగులకు 4,016 రూపాయలు అందుతున్నాయి.

ఈ పథకంలో అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు మరణం నమోదు కాకపోవడం. చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఊళ్లో ఆ పని చేసేది పంచాయతీ కార్యదర్శే, పింఛన్ జాబితా చూసేదీ ఆయనే. రెండు పుస్తకాలు ఒకే బల్ల మీద ఉన్నా ఒకదానిలోంచి మరొకదానిలోకి కబురు వెళ్లడానికి నెలలు పట్టిన సందర్భాలున్నాయి. భూమి పౌతి చేయించాల్సి వస్తేనో (వారసుల పేరుకు మార్చుకోవాల్సి వస్తేనో), బీమా సొమ్ము రావాల్సి ఉంటేనో ఇంట్లోవాళ్లు మరణ ధ్రువపత్రం కోసం పరుగెత్తుతారు. ఆస్తి లేని ముసలమ్మ పోతే ఆ కాగితంతో ఎవరికీ పని పడదు. పైగా పింఛన్ ఆగిపోతుందనే భయం ఒకటి. చెప్పకపోవడంలో లాభం ఉంది, చెప్పడంలో నష్టం ఉంది.

ఈ ముడిని ఆంధ్రప్రదేశ్ ఇంకో రకంగా విప్పే ప్రయత్నం చేసింది. 2024 నవంబరు నుంచి అక్కడ పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు వెంటనే 'స్పౌజ్ పింఛన్' ఇస్తున్నారు. అంటే చావు కబురు చెబితే ఇంటికి వచ్చే ఆదాయం ఆగదు, పేరు మారుతుంది. అలాంటప్పుడు దాచిపెట్టాల్సిన అవసరం చాలా ఇళ్లలో ఉండదు. నిఘా పెట్టి పట్టుకోవడం కన్నా ఇది చవకైన పద్ధతి.

తెలంగాణలో ఇంకో చిక్కు వచ్చి పడింది. 2020 సెప్టెంబరులో వీఆర్‌వో, అంటే గ్రామ రెవెన్యూ అధికారి, వ్యవస్థ రద్దయింది. 2023లో వాళ్ల కింద పనిచేసిన గ్రామ రెవెన్యూ సహాయకులను (వీఆర్ఏలను) వేరే శాఖలకు సర్దారు. వీఆర్‌వోల మీద లంచాల ఆరోపణలు తక్కువేమీ కాదు, రద్దుకు కారణం కూడా అవే. కానీ ఎవరిల్లు ఎవరిది, ఎవరు దుబాయి పోయారు, ఎవరు చనిపోయారు అనేది రికార్డు చూడకుండా చెప్పగలిగే సర్కారు మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. 2025 సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులను నియమించేదాకా ఆ ఐదేళ్లు విచారణలు ఎక్కువగా పంచాయతీ కార్యదర్శి నెత్తిన, మండల రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ నెత్తిన పడ్డాయి.

'ఏలు పడ్తలేదు'

పింఛన్ పంచే రోజు పొద్దున పంచాయతీ ఆఫీసు అరుగు మీద బ్రాంచి పోస్ట్‌మాస్టర్ మెషిన్ పెట్టుకుని కూర్చుంటాడు. అవ్వ బొటనవేలు కొంగుకు తుడుచుకుని అద్దం మీద పెడుతుంది. ఎర్ర లైటు. చూపుడు వేలు పెడుతుంది. మళ్లీ ఎర్ర లైటు. వెనకాల నిలబడ్డవాళ్లు సలహా చెబుతారు: నెత్తికి రుద్ది పెట్టు, నూనె అంటుతుంది. ఒక్కోసారి అది పని చేస్తుంది. చేయకపోతే "ఏలు పడ్తలేదు, మధ్యాహ్నం రా" అంటారు.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఇది ఇంకా ఎక్కువ. ముప్పై నలభై ఏళ్లు తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టిన చేతులవి. వేళ్ల కొసల మీద గీతలు అరిగి నున్నగా అయిపోతాయి. వేలిముద్ర పడనివాళ్లకు కార్యదర్శి తన వేలిముద్ర వేసి ఇప్పించే వెసులుబాటు పెట్టారు. అవసరమైన వెసులుబాటే, కానీ సందు కూడా అదే. లబ్ధిదారు ఎదుట లేకుండానే సొమ్ము డ్రా అయ్యే దారి ఏదైనా ఉందంటే అది ఇక్కడే. అందుకే తనిఖీకి వచ్చేవాళ్లు ముందు చూసేది ఏ ఊళ్లో ఎన్ని చెల్లింపులు కార్యదర్శి వేలితో జరిగాయన్నది. సగటు కన్నా బాగా ఎక్కువ ఉంటే అక్కడ ఇల్లిల్లూ తిరగాలి.

2025లో ముఖ గుర్తింపు పద్ధతి తెచ్చారు. అరిగిన వేళ్లకు ఇది మేలు. మంచం పట్టినవాళ్ల విషయంలో మాత్రం ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని ఇంటికి వెళ్లక తప్పదు.

రుజువు ఎవరిచ్చింది?

ఏ పథకంలో మోసం ఎంత తేలిక అన్నది అర్హత కాగితం ఎవరి దగ్గర నుంచి వస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. బీడీ కార్మికుల పింఛనుకు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉండాలి. ఆ జాబితా పింఛన్ శాఖ చేతిలో గానీ, ఊరి నాయకుల చేతిలో గానీ లేదు. పాత తేదీ వేసి కొత్త పేరు చేర్చడం కష్టం. మోసానికి సందు తక్కువ. దీని మూల్యం ఏమిటంటే, ఆ తేదీ తర్వాత పీఎఫ్ వచ్చినవాళ్లు, అసలు పీఎఫ్ లేకుండా ఇంకొకరి పేరు మీద బీడీలు చుట్టినవాళ్లు ఎంత పని చేసినా బయటే ఉండిపోయారు.

దివ్యాంగుల పింఛన్ దీనికి పూర్తిగా వేరు. 40 శాతం వైకల్యం ఉన్నట్టు డాక్టర్ల ధ్రువీకరణ కావాలి. 39కి, 40కి మధ్య నెలకు నాలుగు వేల రూపాయల తేడా ఉంది. అంత డబ్బు ఒక్క అంకె మీద వేలాడుతున్నప్పుడు దళారీ పుట్టకుండా ఉండడు. వైకల్యం ఎంతో తేల్చే సదరం శిబిరాలకు మీసేవలో స్లాట్ బుక్ చేయించే పద్ధతి పెట్టింది ఇందుకే. ఆ తర్వాత కేంద్రం దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీతో కలిపేశారు. కాలు లేకపోతే అందరికీ కనిపిస్తుంది. వినికిడి లోపం, మానసిక వైకల్యం, కొంత దాకా చూపు లోపం పైకి కనిపించవు. అనుమానాలు, మళ్లీ పరీక్షలు ఎక్కువగా ఈ విభాగాల్లోనే. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ఎత్తున మళ్లీ పరీక్షలు జరిపి నోటీసులిస్తే గొడవ అయింది. అప్పీలు చేసుకున్నవాళ్లకు పింఛన్ కొనసాగిస్తామని చివరికి ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

ఒంటరి మహిళల పింఛన్ 2017లో మొదలైంది. ఇక్కడ రుజువు చేయాల్సింది ఉన్నదాన్ని కాదు, లేనిదాన్ని. భర్త వదిలేశాడని ఏ ఆఫీసూ సర్టిఫికెట్ ఇవ్వదు. ఊళ్లో నలుగురు చెప్పాలి, కార్యదర్శి రాసుకోవాలి. వాంగ్మూలం మీద నడిచే పథకంలో తప్పుడు వాంగ్మూలం ఒక ప్రమాదం. పడనివాళ్లు ఉన్న ఊళ్లో నిజం చెప్పే మనిషి దొరక్కపోవడం అంతే ప్రమాదం.

బియ్యం: వేలిముద్ర తర్వాత మొదలయ్యే కథ

రేషన్ దుకాణంలో ఈపాస్ మెషిన్ రాకముందు డీలర్ దగ్గరే కట్టలకొద్దీ కార్డులుండేవి. లేనివాళ్ల పేర్ల మీద సరుకు ఎత్తేవాళ్లు. వేలిముద్ర తప్పనిసరై, తూకం కాటా కూడా మెషిన్‌కు కలిశాక ఆ పాత పద్ధతికి చాలావరకు తెరపడింది. మోసం పోలేదు, ఒక అడుగు ముందుకు జరిగింది. వేలిముద్ర అసలుదే, కార్డు అసలుదే, మనిషీ అసలే. బియ్యం మాత్రం ఇంటికి పోవు. దొడ్డు బియ్యం తినడం మానేసిన ఇళ్ల నుంచి ఆటో తిప్పే చిల్లర వ్యాపారులు కిలో పది పదిహేను రూపాయలకు కొనేవాళ్లు. కొన్నిచోట్ల ఆ శ్రమ కూడా లేదు, దుకాణంలోనే బియ్యం బదులు నోట్లు చేతిలో పడేవి.

అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి సరిహద్దు దాటడం. కాజీపేట–బల్లార్షా లైన్‌లో ప్యాసింజర్ రైలు సీట్ల కింద చిన్న చిన్న సంచులుగా మహారాష్ట్రలోని విరూర్ దాకా వెళ్లడం పెద్దపల్లి, మంచిర్యాల వైపు అందరికీ తెలిసిన విషయమే. గోదావరి వంతెనలు దాటి సిరొంచ వైపు వెళ్లేది లారీల సరుకు.

రెండోది బయటికి అంతగా కనిపించదు. డబ్బు ఎక్కువ ఉన్నది దానిలోనే. ప్రభుత్వం రైతుల దగ్గర కొన్న వడ్లను మిల్లర్లకు అప్పగిస్తుంది. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. దీన్నే సీఎంఆర్ (కస్టమ్ మిల్లింగ్ రైస్) అంటారు. మిల్లర్ ఆ వడ్లను బయట అమ్ముకుని, ఇళ్ల నుంచి పోగైన రేషన్ బియ్యాన్ని పాలిష్ పట్టించి, సంచులు మార్చి సీఎంఆర్ కింద అప్పగిస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది. ప్రభుత్వం ఒకే గింజకు రెండుసార్లు డబ్బు కట్టినట్టవుతుంది. ఈ పనిని 'రీసైక్లింగ్' అంటారు.

పట్టుకోవడం ఎలా? బియ్యం చూడడానికి ఒకేలా ఉంటాయి. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లో చిన్న పరీక్ష ఒకటుంది. గుప్పెడు గింజల మీద రసాయన ద్రావకం పోసి రంగు చూస్తారు. కొత్త బియ్యం ఆకుపచ్చగా మారతాయి. పాతబడినకొద్దీ పసుపు, నారింజ రంగులోకి దిగుతాయి. మొన్ననే మర పట్టించామని చెప్పిన లోడు నారింజ రంగు చూపిస్తే జవాబు చెప్పడం కష్టం. మిల్లు కరెంటు బిల్లు ఇంకో సాక్షి. వేల క్వింటాళ్లు ఆడించామన్న నెలలో కరెంటు పెద్దగా కాలకపోతే అధికారులకు అనుమానం రాక తప్పదు.

దొరికిన సరుకు మీద నిత్యావసర వస్తువుల చట్టం కింద '6ఏ' కేసు పెడతారు. దాన్ని విచారించేది కోర్టు కాదు, కలెక్టరేట్. సాధారణంగా రెవెన్యూ అదనపు కలెక్టర్ ముందుకు వస్తుంది. సరుకు జప్తు చేయడం, వేలం వేయడం ఆయన చేతిలో పని. శిక్ష పడాలంటే మాత్రం క్రిమినల్ కేసు వేరేగా నడవాలి. బండి పట్టుబడినప్పుడు పేపర్లో వచ్చే పేరు డ్రైవర్‌ది. సరుకు ఏ మిల్లుకు పోతోందన్నది ఛార్జిషీటు దాకా రావడం తక్కువ.

2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. దాన్ని సంక్షేమ నిర్ణయంగానే చూశారు గానీ, అక్రమాల కోణంలోనూ అది ముఖ్యమైన మార్పు. తినే బియ్యాన్ని ఎవరూ కిలో పది రూపాయలకు అమ్ముకోరు. చెక్‌పోస్టులు ఎన్ని పెట్టినా ఆటోకు సరుకు అందే మొదటి మెట్టును కదిలించలేకపోయాయి. ఇక సన్నబియ్యానికి బయట ధర ఎక్కువ కాబట్టి, కుటుంబంలో సభ్యులు ఎక్కువగా ఉన్నట్టు చూపించాలనే ఆశ కూడా పెరుగుతుంది. పెళ్లయి వెళ్లిన బిడ్డ పేరు, చనిపోయిన నాన్న పేరు కార్డులోనే ఉంచేయడం లాంటివి. కార్డులోని ప్రతి సభ్యుడూ వేలిముద్ర వేసి నిర్ధారించుకునే ఈకేవైసీ మీద అధికారులు అంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే.

మస్టర్ చదివి వినిపిస్తే

ఉపాధి హామీలో మోసం లెక్క వేరు. పనికి రాని మనిషికి హాజరు వేయడం, రోడ్డు కొలతలు పెంచి రాయడం, యంత్రంతో తవ్వించి కూలీల పేరు రాయడం. దీనికి ఉమ్మడి రాష్ట్రంలోనే దేశమంతా చూసి నేర్చుకున్న పద్ధతి ఒకటి పుట్టింది. అదే సామాజిక తనిఖీ. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు ఈ అధికారం ఇచ్చింది. 2009లో దీనికోసం ప్రత్యేక సంస్థనే పెట్టారు. తనిఖీ బృందం ఊళ్లో మకాం వేసి ఇల్లిల్లూ తిరిగి, మస్టర్‌లో ఉన్న పేరును ఆ మనిషినే అడుగుతుంది: ఇన్ని రోజులు పనికి పోయినట్టుంది, పోయినవా? తర్వాత గ్రామసభ, ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. టెంటు కింద మైకులో ఊరి పేరు, పని పేరు, సొమ్ము చదువుతారు. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ అక్కడే నిలబడి జవాబు చెప్పాలి.

దీని బలం బయటపెట్టడంలో ఉంది. బలహీనత వసూలులో. ప్రజావేదికలో రికవరీ అని రాసిన మొత్తంలో ఖజానాకు చేరేది చిన్న భాగమే. ఎక్కువసార్లు శిక్ష చివరి మెట్టు మీదున్న ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గరే ఆగుతుంది.

2023 జనవరి నుంచి యాప్‌లో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తప్పనిసరి చేశారు. ఫలితం ఊహించనిదేమీ కాదు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో ఒప్పుకుంది: పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, పాత ఫొటోకు మళ్లీ ఫొటో తీస్తున్నారు, హాజరుకు, ఫొటోలోని మనుషులకు లెక్క కుదరడం లేదు. ఎవరూ తెరిచి చూడని ఫొటో లక్షసార్లు తీసినా తనిఖీ కాదు.

కంప్యూటర్ కొట్టేసిన పేర్లు

చవకగా, వేగంగా అనర్హులను ఏరే మార్గం శాఖల రికార్డులను ఒకదానితో ఒకటి పోల్చడం. రేషన్ కార్డుదారు పేరున కారు ఉందా, భూమి ఎంత, కరెంటు బిల్లు ఎంత, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా? పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షల ఆదాయ పరిమితి, మూడున్నర ఎకరాల తరి (నీటి వసతి ఉన్న) లేదా ఏడున్నర ఎకరాల కుష్కి (మెట్ట) భూమి అనే గీతలు కంప్యూటర్‌కు చెప్పడం తేలిక. తెలంగాణ ఈ పనిలో దేశంలో ముందున్న రాష్ట్రం. ఇందుకు 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను వాడారు.

చిక్కు ఎక్కడంటే పేర్ల పోలికలో. మన పల్లెల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవాళ్లు ఒక్క మండలంలోనే ఎంతోమంది ఉంటారు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన కుటుంబానికి కారుందని కంప్యూటర్ తేల్చడం, కార్డు నిరాకరించడం, చివరికి పోలిక తప్పని తేలడం జాతీయ, అంతర్జాతీయ పత్రికల దాకా వెళ్లింది. 2016లో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు నోటీసు లేకుండా రద్దయిన వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆరేళ్ల తర్వాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే చాలామంది ఆ చిరునామాలో లేరు.

డేటా పోలిక చెడ్డదని కాదు. అనుమానం కలిగించడానికి అది మంచి సాధనం. తీర్పు చెప్పే పని కూడా దానికే అప్పగించినప్పుడు పై పరిస్థితి వస్తుంది.

దొరికాక

పథకాన్ని బట్టి దారి మారుతుంది. కల్యాణలక్ష్మిలో 1,00,116 రూపాయల చెక్కు తహసీల్దార్ విచారణ, ఎమ్మెల్యే సంతకం దాటి వస్తుంది. అందుకే అక్కడ ఒంటరి మోసం తక్కువ, ఆఫీసు లాగిన్ చేతిలో ఉన్నవాళ్లు కలిస్తేనే సాధ్యం. ఆదిలాబాద్ జిల్లాలో 2020లో బయటపడింది అలాంటిదే. ముఖ్యమంత్రి సహాయనిధిలో నకిలీ ఆసుపత్రి బిల్లుల మీద 2024లో సీఐడీ కేసులు పెట్టింది. ఆ జాబితాలో వరంగల్, కరీంనగర్ వైపు ఆసుపత్రులూ ఉన్నాయి. ఇలాంటివాటిలో పోలీసు కేసు సరైన దారే.

వ్యక్తిగత లబ్ధిదారు దగ్గరికి వచ్చేసరికి వసూలు నోటీసు చాలా బరువైన ఆయుధం. 2024 జులైలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పక్షవాతంతో ఉన్న ఒక వృద్ధురాలికి లక్షా 72 వేలు తిరిగి కట్టమని నోటీసు అందింది. ఆమెకు కుటుంబ పింఛన్ కూడా వస్తోంది కాబట్టి నిబంధన ప్రకారం ఆసరాకు అర్హురాలు కారు. కానీ మంజూరు చేసింది ఆఫీసే, ఏళ్ల తరబడి చెల్లించిందీ ఆఫీసే. గొడవ పెద్దదై, తదుపరి ఆదేశాల దాకా ఇలాంటి వసూళ్లు ఆపాలని ప్రభుత్వం చెప్పింది. పైన చెప్పిన మూడు భాగాల లెక్కలో ఇది ఎక్కడ పడుతుందో తేల్చే నియమం ఏదీ ఆ నోటీసు రాసినవాళ్ల ముందు లేదు.

డీలర్ల మీద ఫిర్యాదుకు 1967, లంచం అడిగితే 1064 ఉన్నాయి. పేరు తెగిపోయినవాళ్లు సాధారణంగా వెళ్లేది సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి. దరఖాస్తు తీసుకుని రసీదు ఇస్తారు, దాన్ని కింది ఆఫీసుకు పంపుతారు. అక్కడ మొదటి ప్రశ్న 'మీ పేరు ఎందుకు తీసేశారు' అని. వచ్చినవాళ్ల చేతిలో రద్దు ఉత్తర్వు ఉండదు, కారణం రాసిన కాగితం ఉండదు. మెషిన్ చూసి డీలరో, పోస్ట్‌మాస్టరో అన్న 'నీ పేరు వస్తలేదు' అనే ఒక్క మాటే ఉంటుంది.